స్థితిని తెలిపే మాట: ‘ఆర్డరు అందింది’ అంటే ఎవరికి అందినట్లు?

ఒక వస్తువుగాని, ఒక పనిగాని ప్రస్తుతం ఏ దశలో ఉన్నదో తెలియజేసే చిన్న మాటను స్థితిసూచిక అనవచ్చు. ప్రయోగశాలలో సీసామీద అతికించిన చీటీ, రైల్వే టిక్కెట్టుపై ‘వెయిటింగ్ లిస్టు’ అన్న ముద్ర, ఫోనులోని యాప్‌లో ‘షిప్డ్’, ‘డెలివర్డ్’ అన్న మాటలు, ఇవన్నీ ఈ కోవకు చెందినవే. వీటికి రెండు మూడు పదాలకు మించి చోటు దొరకదు. చదివేవారికి, రాసినవారిని పిలిచి అర్థమడిగే అవకాశమూ ఉండదు. అందుచేత ఇట్టి మాటల ఎంపికలో జరిగే పొరపాటు పుస్తకంలో దొర్లే అచ్చుతప్పు వంటిది కాదు. దాని ఫలితం చదివినవారు వెంటనే చేసే పనిలో కనిపిస్తుంది.

యాప్‌లలో ఆర్డరు స్థితిని ఏ మాటలతో తెలపాలన్నది సాఫ్ట్‌వేర్ రంగంలో ఉన్న తెలుగువారెందరికో నిత్యం ఎదురయ్యే ప్రశ్న. దీనికి సమాధానం వెదికే ముందు, యాప్‌లు పుట్టడానికి చాలాకాలం ముందు జరిగిన ఒక దుర్ఘటనను పరిశీలించడం మేలు. ఒక స్థితిసూచిక రెండు అర్థాలకు తావిస్తే ఏమవుతుందో అది స్పష్టంగా చూపింది.

‘క్లియర్డ్’ అన్న ఒక్క మాట

వర్జీనియా రాష్ట్రంలోని హెర్న్‌డన్ పట్టణానికి పొరుగునే వాషింగ్టన్ డల్లెస్ విమానాశ్రయం ఉంది. 1974 డిసెంబరు 1న టి.డబ్ల్యు.ఎ. సంస్థవారి 514వ నంబరు విమానం, ఒక బోయింగ్ 727, ఇండియానాపొలిస్ నుండి కొలంబస్ మీదుగా వాషింగ్టన్ నేషనల్ విమానాశ్రయానికి రావలసి ఉంది. అక్కడ ఈదురుగాలులు వీస్తున్నందువల్ల దానిని డల్లెస్‌కు మళ్ళించారు. విమానం ఇంకా సుమారు 44 నాటికల్ మైళ్ళ దూరంలో, 7,000 అడుగుల ఎత్తున ఉండగా, రన్‌వేని సమీపించడానికి ‘క్లియర్డ్’ అని కంట్రోలర్ తెలియజేశాడు. పైలట్లు వెంటనే సరేనని బదులిచ్చారు.

కంట్రోలర్ దృష్టిలో ఆ మాటకు అర్థం ‘మార్గం అనుమతించబడింది, పటంలో చూపిన కనీస ఎత్తులను పాటించడం పైలట్ బాధ్యత’ అని. పైలట్ల దృష్టిలో దాని అర్థం వేరు: ‘ముందున్న నేలను చూసుకొనే అనుమతి ఇచ్చారు, కాబట్టి 1,800 అడుగులకు దిగవచ్చు’. రౌండ్ హిల్ అనే స్థానం చేరేవరకు 3,400 అడుగులకు తగ్గరాదని పటంలో ఉంది. కెప్టెన్ ఆ అంకెను గమనించాడు కూడా. అయినప్పటికీ, కంట్రోలర్ ‘క్లియర్’ చేసిన తరువాత దిగవచ్చుననే నిర్ణయానికి వచ్చాడు. ఉదయం 11 గంటల 9 నిమిషాలకు, సుమారు 1,670 అడుగుల ఎత్తున, విమానం మౌంట్ వెదర్ కొండను ఢీకొన్నది. విమానంలోని 92 మందీ మరణించారు.

దర్యాప్తు జరిపిన జాతీయ రవాణా భద్రతా మండలిలో అభిప్రాయభేదం ఏర్పడింది. ఐదుగురు సభ్యులలో ముగ్గురు ఒక వైపు, ఇద్దరు మరొక వైపు నిలిచారు. తగిన చోటుకు చేరకముందే 1,800 అడుగులకు దిగాలన్న నిర్ణయమే ప్రమాదానికి కారణమనీ, ఆ నిర్ణయానికి మూలం నియంత్రణ విధానాలలోని అస్పష్టత అనీ, పైలట్లూ కంట్రోలర్లూ ఒకరి బాధ్యతను మరొకరు తప్పుగా ఊహించుకున్నారనీ మండలి పేర్కొన్నది. అటుతరువాత నిబంధన మారింది. ప్రచురిత మార్గఖండంలో ప్రవేశించేవరకు పైలట్ చివరిగా తనకు కేటాయించిన ఎత్తును విడువరాదు. ఆరు వారాల ముందు మరొక సంస్థ విమానం ఇదే అపార్థానికి లోనై అదే కొండను తృటిలో తప్పించుకున్నది. ఆ సమాచారం ఆ సంస్థలోనే ఉండిపోయింది. ఇట్టి విషయాలు అందరికీ చేరడానికి నాసా నిర్వహణలో 1976లో ఒక నివేదన వ్యవస్థ ఏర్పడింది.

ఇక్కడ గమనించవలసిన ముఖ్యాంశం ఒకటి ఉంది. ఎవరూ మాటను తప్పుగా వినలేదు, ఎవరూ తప్పుగా పలకలేదు. మాట సరిగానే చేరింది. అర్థం మాత్రం చేరలేదు.

1977 మార్చి 27న టెనెరిఫె ద్వీపంలో రెండు బోయింగ్ 747 విమానాలు ఢీకొని 583 మంది మరణించిన ఘటనలోనూ ఇట్టి అయోమయమే ఒక కారణం. పైకెగిరిన తరువాత అనుసరించవలసిన మార్గాన్ని మాత్రమే తెలిపిన సందేశంలో ‘టేకాఫ్’ అన్న మాట దొర్లింది. ఆ తరువాత ఆ మాటను రన్‌వే నుండి ఎగరడానికి నిజంగా అనుమతి ఇచ్చేటప్పుడు, లేదా ఇచ్చిన అనుమతిని రద్దుచేసేటప్పుడు మాత్రమే వాడాలన్న నియమం వచ్చింది. ఒక మాటకు ఒకే పని అన్నమాట.

స్పష్టమైన మాట ఎట్లా పనిచేస్తుందనడానికి హెర్న్‌డన్ పట్టణమే ఉదాహరణ. 2001 సెప్టెంబరు 11న, అప్పట్లో హెర్న్‌డన్‌లో ఉన్న విమానయాన నియంత్రణ కేంద్రం నుండి, ఎగురుతున్న విమానాలన్నీ దగ్గరి విమానాశ్రయంలో దిగాలన్న ఆజ్ఞ వెలువడింది. ఎవరు, ఏమి, ఎక్కడ అన్న మూడు ప్రశ్నలకూ అందులో జవాబు ఉంది. సుమారు 4,500 విమానాలు క్షేమంగా నేలకు దిగాయి.

ఖాళీ పీపా

రసాయనశాస్త్రంలో ఇట్టి పాఠాన్ని నేర్పిన వ్యక్తి బెంజమిన్ లీ వోర్ఫ్. ఆయన కెమికల్ ఇంజనీరింగ్ చదివి, హార్ట్‌ఫర్డ్‌లోని అగ్నిబీమా సంస్థలో పనిచేస్తూ భాషాశాస్త్రవేత్తగా ప్రసిద్ధి పొందాడు. నిండు పెట్రోలు పీపాల వద్ద అతిజాగ్రత్తగా మెలిగే పనివారు ‘ఖాళీ’ పీపాల వద్ద నిర్లక్ష్యంగా పొగతాగడం ఆయన గమనించాడు. నిజానికి ఎక్కువ ప్రమాదం ఖాళీ పీపాలోనే ఉంది. గాలిలో పెట్రోలు ఆవిరి పరిమాణం సుమారు 1.4 శాతానికి, 7.6 శాతానికి నడుమ ఉన్నప్పుడు మాత్రమే ఆ మిశ్రమం అంటుకుంటుంది. నిండు పీపాలో మిగిలిన కొద్ది చోటులో ఆవిరి ఈ హద్దును మించి ఉంటుంది. ద్రవం తీసివేసిన పీపాలోనికి గాలి చొరబడి, మిగిలిన ఆవిరితో కలిసి పేలుడు మిశ్రమం ఏర్పడవచ్చు. ‘ఖాళీ’ అన్న మాట సరుకు లెక్క రాసేవారికి సత్యం. నిప్పు పట్టుకున్నవారికి అసత్యం.

2003లో ఐక్యరాజ్యసమితి ప్రచురించిన రసాయన లేబుళ్ళ ప్రపంచవ్యాప్త విధానంలో సంకేతపదాలను రెండింటికి పరిమితం చేశారు: తీవ్రతకు ‘ప్రమాదం’, అంతకు తక్కువ స్థాయికి ‘హెచ్చరిక’. ఒకే లేబుల్‌పై రెండూ ఉండరాదు.

లోపలివారి మాట, వెలుపలివారి అర్థం

పై ఉదాహరణలన్నింటిలో ఒక సామాన్య లక్షణం ఉంది. మాటను ఎన్నుకున్నవారు వ్యవస్థకు లోపల ఉన్నారు, చదివినవారు వెలుపల ఉన్నారు. అమెరికా వీసా కోసం ఎదురుచూసిన తెలుగు కుటుంబాలకు ఇది బాగా తెలిసిన అనుభవమే. 221(జి) కింద మరికొన్ని పత్రాలు లేదా మరికొంత పరిశీలన అవసరమైనప్పుడు కూడా వెబ్‌సైటులో ‘నిరాకరించబడింది’ అన్న అర్థమిచ్చే మాటే కనిపిస్తుంది. చట్టం దృష్టిలో అది సరైనదే, ఎందుకంటే ఇంటర్వ్యూ చేసిన అధికారి వీసా ఇవ్వాలి లేదా నిరాకరించాలి. కాని ఆ దరఖాస్తు తరువాత ఆమోదం పొందే అవకాశం ఉందన్న సంగతి ఆ మాటలో లేదు.

సరుకు రవాణాలోనూ ఇంతే. దుకాణం ‘షిప్డ్’ అంటుంది. అదే పొట్లం గురించి అమెరికా తపాలా శాఖ, లేబుల్ తయారైందనీ, వస్తువు ఇంకా తమ చేతికి రాలేదనీ చెబుతుంది. దుకాణంవారి లెక్కలో పని ముగిసింది. తపాలావారి లెక్కలో మొదలే కాలేదు.

ఇప్పుడు తెలుగు యాప్ విషయం చూద్దాం. హెర్న్‌డన్‌లో ఉన్న కుమార్తె, హైదరాబాదులోని తల్లికి ఇన్సులిన్ కోసం యాప్‌లో ఆర్డరు పెట్టిందనుకుందాం. తెరపై ‘ఆర్డరు అందింది’ అని కనిపించింది. తెలుగులో ‘ఆర్డరు’ అంటే కోరిన కోరికా కావచ్చు, వచ్చిన సరుకూ కావచ్చు. దుకాణంవారు ‘మీ చీటీ మాకు చేరింది’ అన్న అర్థంలో రాశారు. కుమార్తె ‘అమ్మకు మందు చేరింది’ అని చదివింది. తెరవని ఇన్సులిన్‌ను 2 నుండి 8 డిగ్రీల సెల్సియస్ నడుమ ఉంచాలి. మందు ఎక్కడ ఉన్నదో తెలియకపోతే దాని గుణం నిలిచిందో లేదో కూడా తెలియదు. ‘అయిపోయింది’ అన్న మాట మరింత చిక్కైనది. పని అయిపోయినా అదే మాట, సరుకు అయిపోయినా అదే మాట.

పాటించదగిన సూత్రాలు

1. దేని గురించి చెబుతున్నారో పేరుతో చెప్పాలి. ‘ఆర్డరు అందింది’ అనుటకు బదులు ‘మీ మందుల చీటీ దుకాణానికి చేరింది, మందులు ఇంకా సర్దలేదు’ అంటే సందేహం ఉండదు.

2. కర్తనూ స్థలాన్నీ దాచరాదు. ‘పంపబడింది’ అన్న కర్మణి ప్రయోగంలో ఎవరు, ఎవరికి అన్నవి మాయమవుతాయి. తెలుగు క్రియ చివరనే కర్తను చూపగలదు. ‘మందులు కొరియర్‌కు అప్పగించాము’ అనడంలో ఆ సౌలభ్యం ఉంది. ‘డెలివర్డ్’ కంటె ‘సాయంత్రం 4:10కి వాచ్‌మన్‌కు ఇచ్చాము’ అన్నది మేలు. అప్పుడు తల్లికి ఫోను చేసి, మందును వెంటనే ఫ్రిజ్‌లో పెట్టించవచ్చు.

3. జరిగినదానినీ జరగబోయేదానినీ కలపరాదు. ‘రేపు వస్తుంది’ అన్న మాట హెర్న్‌డన్‌లో వేసవి రాత్రి 9 గంటలకు చదివితే, హైదరాబాదులో అప్పటికే మరునాటి ఉదయం 6:30. ‘రేపు’కు బదులు తేదీ, వారం, ఏ ఊరి సమయమో రాయాలి.

4. మారగల స్థితిని తుదిస్థితి వలె చూపరాదు. రసాయన సమీకరణంలో వెనుకకు మళ్ళగల చర్యకు జంట బాణాలు, మళ్ళనిదానికి ఒకే బాణం గీస్తారు. అట్లే ‘పరిశీలనలో ఉంది’ అన్నదానికీ ‘రద్దయింది’ అన్నదానికీ తేడా స్పష్టంగా ఉండాలి.

5. ఒక మాటకు ఒకే పని ఇవ్వాలి. ‘ఆర్డరు రద్దు చేయాలా?’ అన్న ప్రశ్న కింద ‘రద్దు’, ‘సరే’ అన్న రెండు బటన్లు ఉంటే, దేనిని నొక్కితే ఏమవుతుందో తెలియదు. ‘ఆర్డరు ఆపండి’, ‘ఆర్డరు ఉంచండి’ అనాలి.

6. చదివినవారు చేయవలసిన పని ఉంటే చెప్పాలి. లేకుంటే ‘మీరు చేయవలసింది ఏమీ లేదు’ అన్న మాటకూ విలువ ఉంది.

పరీక్షించే విధానం

ఇట్టి మాటలను రాసినవారే పరీక్షించడం వల్ల ప్రయోజనం లేదు, లోపలివారికి ప్రతి మాటా స్పష్టంగానే తోస్తుంది. యాప్ నిర్మాణంతో సంబంధంలేని ఐదారుగురికి, వారిలో వృద్ధులకు కూడా, ఒక్కొక్క సూచికనే చూపి రెండు ప్రశ్నలు అడగాలి: ‘ఇప్పుడు వస్తువు ఎక్కడ ఉంది? ఇకమీదట ఎవరు ఏమి చేయాలి?’. ‘అర్థమైందా?’ అని మాత్రం అడుగరాదు, దానికి మర్యాదకొద్దీ అందరూ అవుననే చెబుతారు. 514వ విమానంలోని పైలట్లూ సరేననే బదులిచ్చారు. సమాధానాలు వాస్తవంతో సరిపోకపోతే లోపం చదివినవారిలో లేదు, మాటలోనే ఉంది.

తెరమీద చోటు తక్కువన్నది నిజమే. కాని పొట్టిమాట ఆదా చేసే చోటుకంటె, అపార్థం వృథా చేసే కాలం ఎక్కువ. కొన్ని సందర్భాలలో పోయేది కాలం ఒక్కటే కాదు. వాడుకలో ఉన్న తెలుగుమాటలను ఎన్నుకొని, వాటికి కర్తనూ స్థలాన్నీ సమయాన్నీ జోడిస్తే, దూరదేశంలో ఉన్న కుమార్తెకూ ఇంట్లో ఎదురుచూసే తల్లికీ ఒకే అర్థం చేరుతుంది. స్థితిసూచిక నెరవేర్చవలసిన ప్రయోజనం అదే.