కాగితమెక్కని బతుకులు: జీవనకథల సేకరణపై ఒక లేఖ



కొండపాకలోను, చుట్టుపక్కల గ్రామాలలోను వయసు మళ్ళినవారి జీవనకథలను ఊరి యువతీయువకులే అడిగి, విని, రికార్డు చేసి భద్రపరచాలని చిరంజీవి తలపెట్టిన పనిని చరిత్రకారులు మౌఖిక చరిత్ర అంటారు. అంటే రాతపత్రాలకన్నా, జరిగినదాన్ని అనుభవించినవారి నోటిమాట మీద ఎక్కువగా ఆధారపడే చరిత్ర అని అర్థం. ఈ పని ఏ ఊరిలోనైనా అవసరమే గాని, కొండపాక ప్రాంతంలో దానికి వ్యవధి చాలా తక్కువగా ఉంది. తెలంగాణలో కొండపాక ఉన్న సిద్దిపేట ప్రాంతం 2016 అక్టోబరులో ప్రత్యేక జిల్లా అయింది. కొద్ది సంవత్సరాలకే జిల్లా కార్యాలయాల సముదాయం కొండపాక మండలంలోని దుద్దెడ దగ్గర వెలిసింది. 50 టీఎంసీల నిల్వ సామర్థ్యం గల మల్లన్నసాగర్ జలాశయం 2022 ఫిబ్రవరిలో ప్రారంభమైంది. ఆ జలాశయంలో తొగుట మండలపు వేములఘాట్, పల్లెపహాడ్, ఏటిగడ్డ కిష్టాపూర్ వంటి గ్రామాలతోపాటు, అప్పటికి కొండపాక మండలంలో ఉన్న ఎర్రవల్లి, సింగారం కూడా మునిగిపోగా, ఆ ఊళ్ళవారిలో చాలామంది గజ్వేల్ సమీపంలోని పునరావాస కాలనీలో స్థిరపడ్డారు. ఏ బావి గట్టున ఏ చెట్టు ఉండేదో, ఊరి నడుమ పాతిన బొడ్రాయి ఎక్కడుండేదో, ఎవరి వాకిలి మీదుగా ఎవరు నడవకూడదనేవారో చూపించడానికి ఇప్పుడు అక్కడ నేల లేదు. ఆ ఊళ్ళలో పుట్టిపెరిగిన ముసలివారి మాటలోనే అది మిగిలింది.

ముంపు గ్రామాల గురించి కాగితాలకు కొదవ లేదని, వాటిలోనే అంతా ఉంటుందని ఎవరైనా అనవచ్చు. కాని ఆ కాగితాలు ఎవరివో గమనించాలి. పహాణీ, అంటే ఏ సర్వే నంబరులో భూమి ఎవరిది, దానిని ఎవరు సాగుచేస్తున్నారు అని ఏటా రాస్తూ వచ్చిన రెవెన్యూ పత్రం, భూమితో సంబంధం రాతకెక్కినవారి పేర్లనే మోస్తుంది. 2015లో వచ్చిన 123వ నంబరు ప్రభుత్వ ఉత్తర్వు భూమిని యజమానుల నుంచి నేరుగా కొనే పద్ధతిని తెచ్చినప్పుడు, ఆ భూమి మీద కూలిచేసి బతికేవారి సంగతేమిటన్న ప్రశ్న న్యాయస్థానం దాకా వెళ్ళింది. నాట్లు వేసిన స్త్రీ, జీతానికుండి పశువులు కాసిన పిల్లవాడు, చెరువు తూము తెరిచి మూసి ఏ మడికి ముందు నీరు పారాలో చూసుకొనే నీరటి, ఊరి బట్టలు ఉతికినవారు, చచ్చిన పశువును మోసినవారు చాలావరకు పహాణీలో కనిపించరు. వారి నుంచి మొదలుపెట్టని సేకరణ ఎంత పెద్దదైనా ఉన్న పత్రాలకు మరో నకలుగానే మిగులుతుంది.

ఈ మార్గంలో తెలుగునాట ముందు నడిచినవారున్నారు. స్త్రీ శక్తి సంఘటన అనే స్త్రీవాద బృందపు సభ్యులు తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న స్త్రీలను వెతికి, వారితో మాట్లాడి, ఆ మాటలను 1986లో ‘మనకు తెలియని మన చరిత్ర’గా ప్రచురించారు. పోరాటం గురించి అప్పటికే నాయకులు రాసిన గ్రంథాలున్నా, బిడ్డను వదులుకోవలసివచ్చిన తల్లి బాధ, ఉద్యమం ఆగిపోయాక ఇంటికి వెళ్ళిపొమ్మంటే ఎక్కడికి పోవాలో తెలియని స్త్రీ నిస్సహాయత ఆ సంభాషణల వల్లనే చదువరులకు చేరాయి. తర్వాతి కాలంలో రచయిత్రి గోగు శ్యామల దళిత నాయకురాలు టి.ఎన్. సదాలక్ష్మి బతుకుకథను ‘నేనే బలాన్ని’గా తెచ్చినప్పుడు కూడా ఆధారం ముఖాముఖి మాటే. ఈ రెండు పుస్తకాలను పని మొదలుపెట్టేముందు చదవడం తప్పనిసరి. వాటిలో ప్రశ్న ఎక్కడ ఆగి మాట ఎక్కడ సాగిందో చూస్తే చాలా విషయాలు బోధపడతాయి.

అడిగే పద్ధతి గురించి కొంత వివరంగా చెప్పవలసి ఉంది. ‘మీ జీవితం గురించి చెప్పండి’ అని అడిగితే, చెప్పేందుకేముంది, కష్టపడ్డాం, పిల్లలను పెంచాం అన్న జవాబే తరచుగా వస్తుంది. ఎందుకంటే తమ జీవితం చరిత్ర అవుతుందని వారికి ఎవరూ చెప్పలేదు. అదే పనిని గురించి అడిగితే మాట దానంతటదే విచ్చుకుంటుంది. మోట, అంటే ఎడ్లను కట్టి తోలు బొక్కెనతో బావి నీళ్ళు తోడే సాధనం, ఊరిలో ఎప్పటిదాకా ఉండేది, తొలి కరెంటు మోటారు ఎవరి బావికి వచ్చింది, కూలి గింజలను ఏ కొలతతో కొలిచేవారు, కొలిచేటప్పుడు చేయి ఎటు వంగేది అన్న ప్రశ్నల వెంట ఊరి ఆర్థికం, కులం, ఆకలి, అభిమానం అన్నీ వస్తాయి. మునిగిన ఊరివారిచేత కాగితం మీదనో నేల మీదనో ఊరి బొమ్మ గీయించి, ఇంటింటి పేరు చెప్పమంటే మరుగునపడ్డ సంగతులు ఒకదాని వెంట ఒకటి పైకి వస్తాయి. సంవత్సరాలను గుచ్చిగుచ్చి అడగరాదు. రజాకార్ల కాలానికి ముందా తర్వాతా, పెద్దబిడ్డ పుట్టాకనా అని అడగడమే వారి లెక్కకు తగిన పద్ధతి. ఎవరైనా నిజాం కాలపు ఫసలీ సంవత్సరం చెబితే దానికి 590 గాని 591 గాని కలిపి క్రీస్తుశక సంవత్సరాన్ని తెలుసుకోవచ్చు.

సంబోధన చిన్న విషయం కాదు. భూమి గల ఇళ్ళ పిల్లలు దళిత వాడలోని వృద్ధులను పేరుపెట్టి ఏకవచనంలో పిలిచే పాత అలవాటు ఈ నేలమీద పూర్తిగా పోలేదు. అవ్వ, తాత, పెద్దమ్మ, కాక అని వరుసపెట్టి పిలవడం ఈ పనిలో మర్యాదను మించిన అవసరం. గడపలో నిలబడి అడిగేవారికి దొరికే కథ వేరు, వారి ఇంట్లో చాపమీద కూర్చొని, ఇచ్చిన నీళ్ళు తాగి అడిగేవారికి దొరికే కథ వేరు.

జ్ఞాపకం తప్పుతుందన్న సందేహం చిరంజీవికి కలగక మానదు. ఇదే సిద్దిపేట జిల్లాలోని బైరాన్‌పల్లిపై 1948 ఆగస్టు 27న రజాకార్లు, నిజాం పోలీసులు దాడిచేసి గ్రామస్థులను చంపిన ఘటననే తీసుకొంటే, మృతుల సంఖ్య ఒక్కో పుస్తకంలో ఒక్కో విధంగా ఉంది. ప్రజలు తలదాచుకొని ఎదురునిలిచిన బురుజు మాత్రం నేటికీ నిలిచి ఉంది. ఇప్పుడు 85 ఏళ్ళవారు కూడా ఆనాటికి పదేళ్ళలోపు పిల్లలే గనుక వారిని రాజకీయ కారణాలు అడగడం వృథా. తల్లి ఎక్కడ దాచింది, ఏమి తిన్నారు, ఏ శబ్దం గుర్తుంది అని అడగాలి. ఇటలీలోని తెర్ని పట్టణంలో 1949లో పోలీసు కాల్పుల్లో మరణించిన లుయీజీ త్రస్తుల్లి అనే కార్మికుడి చావును, అక్కడివారిలో చాలామంది 1953 నాటి సామూహిక ఉద్యోగ తొలగింపులతో కలిపి చెప్పడం చరిత్రకారుడు అలెస్సాంద్రో పోర్టెల్లి గమనించి, ఆ పొరపాటును కొట్టివేయక, తమకు మిక్కిలి గాయమైన చోటికి ప్రజలు ఆ మరణాన్ని ఎందుకు జరిపారని ప్రశ్నించాడు. అదే దృష్టి ఇక్కడా కావాలి: చెప్పినది చెప్పినట్టే ఉంచి, పత్రంతో కుదరని చోట పక్కన వివరణ రాయాలే తప్ప, పెద్దల మాటను దిద్దరాదు.

సమ్మతి, అంటే తన మాట ఎక్కడికి పోతుందో తెలిసి ఇచ్చే ఒప్పుకోలు, ఒక వేలిముద్రతో తీరేది కాదు. కొండపాకలోని ఆనంద నిలయం వంటి ఆశ్రమాలలో ఉండే వృద్ధుల విషయంలో దీనికి మరింత జాగ్రత్త అవసరం. కొడుకుల గురించి కన్నీళ్ళతో చెప్పిన మాటను మరుసటి వారం వద్దనే హక్కు వారికి ఉండాలి, ఆశ్రమ నిర్వాహకుల అనుమతి వారి అనుమతికి బదులు కాజాలదు. యంత్రం సంగతికి వస్తే మంచి ఫోను చాలు, ఫ్యాను మాత్రం కట్టేయాలి. రికార్డును రాతలో పెట్టేటప్పుడు ఉర్దూ కలిసిన ఈ ప్రాంతపు పలుకుబడిని పుస్తక భాషలోకి మార్చకూడదు. చదువురానివారికి ఆ రాతప్రతిని చదివి వినిపించి, తీసేయమన్నది తీసేసిన తర్వాతనే రెండు ప్రతులు సిద్ధం చేసి, ఒకటి ఆ ఇంటిలోనే ఉంచాలి.

తొలి సంభాషణలకు పునరావాస కాలనీలోని ఎర్రవల్లి, సింగారం వాసులలో భూమి లేని కుటుంబాల వృద్ధులను, అందులోనూ స్త్రీలను ఎంచుకోవడం ఉచితం. కోడళ్ళు పనికి పోయిన ఇళ్ళలో వంటా మనుమల బాధ్యతా వారి మీదే ఉంటాయి కాబట్టి ఉదయం వెళ్ళడం వారికి ఇబ్బంది. మధ్యాహ్నం భోజనాలయ్యాక, పిల్లలు బడి నుంచి తిరిగి రాకముందు వెళితే తీరికగా మాట్లాడగలుగుతారు. మొదటిరోజు రికార్డింగు ఊసెత్తక, మళ్ళీ ఎప్పుడు రావాలో వారినే అడిగి రావడం మంచిది.

ఇట్లు
శ్రేయోభిలాషి