బిగించి వదలడం ఎలా?
రోజువారీ ఒత్తిడిని ఒంట్లోంచి దించుకునే సాధన, మొదటిసారి చేసేవారికి

రోజంతా పడ్డ హడావుడి తలలోనే ఉందనుకుంటాం. కానీ ఒకసారి మీ భుజాలు ఎక్కడున్నాయో చూసుకోండి. చెవుల వైపు కాస్త లేచి ఉంటాయి. పై పళ్లు కింది పళ్లను కరుచుకుని ఉంటాయి. నుదురు ముడిపడి ఉంటుంది. ఆలోచనలు ఆపెయ్యమని ఎంత గట్టిగా చెప్పినా మనసు వినదు. పిడికిలి తెరవమంటే మాత్రం చెయ్యి వింటుంది. అందుకే మనం మనసు జోలికి పోకుండా కండరాల దగ్గర మొదలుపెడదాం.

ఈ పద్ధతిని రూపొందించినవాడు అమెరికా వైద్యుడు ఎడ్మండ్ జేకబ్‌సన్. దీని మీద ఆయన పుస్తకం 1929లో వచ్చింది. కండరాలు బిగుసుకుపోయి ఉన్నా ఆ సంగతి చాలామందికి తెలియనే తెలియదని ఆయన పట్టుకున్నాడు. అందుకని కావాలని బిగించి, బిగువు ఎలా ఉంటుందో ముందు తెలుసుకుని, తర్వాత వదలమన్నాడు. ఆయన నేర్పిన తీరు చాలా సుదీర్ఘమైనది. జోసెఫ్ వోల్పే వంటివారు తర్వాత దాన్ని కుదించారు. మనం చేయబోయేది ఆ కుదించిన రూపమే. ఇరవై నిమిషాలు చాలు.

కావలసినవి

- నేల మీద చాప, దాని మీద దుప్పటి. మరీ మెత్తటి పరుపు మీద నడుము కుంగుతుంది.
- తల కింద పలచటి దిండు, మోకాళ్ల కింద చుట్టిన తువ్వాలు. తువ్వాలు చిన్న విషయంలా కనిపిస్తుంది కానీ నడుము నొప్పి ఉన్నవారికి దానితోనే సగం సుఖం.
- వదులు బట్టలు. కళ్లజోడు, కాంటాక్ట్ లెన్సులు తీసేయాలి. కళ్లు గట్టిగా మూసే పని ఉంది.
- ఎవరూ పిలవని ఇరవై నిమిషాలు. ఇంట్లోవాళ్లకు ముందే చెప్పండి, ఫోను పక్క గదిలో పెట్టండి. అన్నం తిన్న వెంటనే వద్దు, కనీసం గంట ఆగుదాం.

దెబ్బ తగిలిన చోటు, ఆపరేషన్ అయిన చోటు, కీళ్లవాపు ఉన్న చోటు బిగించవద్దు. ఆ భాగాన్ని వదిలేసి తర్వాతిదానికి వెళ్లిపోవచ్చు. గర్భిణులు, రక్తపోటు ఎక్కువగా ఉన్నవారు ముందు డాక్టరును అడగాలి. ఛాతీలో నొప్పి, బరువు, చెమటలు, ఆయాసం వస్తే అది ఒత్తిడేలే అనుకుని చాప వేయకండి, వెంటనే ఆసుపత్రికి వెళ్లండి.

పద్ధతి

1. వెల్లకిలా పడుకోండి. కాళ్లు కొంచెం ఎడంగా, చేతులు ఒంటికి తగలకుండా పక్కన. కళ్లు మూసి, శ్వాసను దాని మానాన వదిలి ఒక నిమిషం ఊరికే ఉందాం.

2. కుడి పిడికిలి బిగించండి. ఎడమచేతి వాటం వారైతే ఎడమది. ఉన్న బలమంతా పెట్టక్కర్లేదు, ముప్పాతిక వంతు చాలు. మనసులో నెమ్మదిగా ఐదు లెక్కపెట్టండి. వేళ్ల కణుపుల్లో, ముంజేతిలో లాగుతున్నట్టు ఉంది కదా? అదే బిగువు. దాన్ని బాగా గుర్తుపెట్టుకోండి.

3. ఇప్పుడు వదలండి. వేలు తర్వాత వేలు కాకుండా, చేతిలోని తాడు తెగినట్టు ఒక్కసారిగా. ఇరవై, ముప్పై లెక్క వరకు ఏమీ చేయకండి. ఆ చెయ్యి బరువెక్కుతుంది, కొందరికి వెచ్చగా అనిపిస్తుంది. ఇందాకటికీ ఇప్పటికీ తేడా ఏమిటో గమనిద్దాం. అసలు సాధన ఈ గమనించడమే. రెండోసారి కూడా బిగించి వదిలి, తర్వాత రెండో చేతికి వెళదాం.

4. మోచేతులు మడిచి పైచేతుల కండరాలు బిగించి వదలండి.

5. ముఖం. కనుబొమలు పైకెత్తి నుదురు ముడవండి, వదలండి. కళ్లు గట్టిగా మూయండి, వదలండి. తర్వాత దవడ. ఇక్కడ తొందరపడకూడదు, చాలామందికి రోజంతటి కోపం దాగేది ఇక్కడే. పళ్లు నూరకుండా మెల్లగా కరిచి పట్టి, ఐదు కాగానే కింది దవడను వేలాడనివ్వండి. పెదవులు కొంచెం విడిపోవాలి, నాలుక కింద ఆనాలి.

6. భుజాలు చెవుల దాకా ఎత్తి, ఐదు లెక్కపెట్టి, వదలండి. కంప్యూటరు ముందు కూర్చునేవారు, బస్సులో నిలబడి వచ్చేవారు, గంటల తరబడి పొయ్యి దగ్గర ఉండేవారు దీన్ని మూడుసార్లు చేయండి. మెడను మాత్రం విడిగా వెనక్కి విరవవద్దు.

7. పొట్టను ఎవరో గుద్దబోతున్నట్టు గట్టి చేసి వదలండి. శ్వాస ఆగిపోయే చోటు ఇదే, కాబట్టి ఊపిరి ఆడుతోందా అని చూసుకోండి.

8. తొడలు, పిక్కలు, పాదాలు ఇదే వరుసలో. పాదాలకు ఐదు వద్దు, మూడు లెక్క చాలు. కాలివేళ్లను కిందికి బాగా వంచితే పిక్క పట్టేస్తుంది. బదులుగా వేళ్లను మీ ముఖం వైపు లాగండి.

9. ఒకసారి తల నుంచి కాళ్ల దాకా మనసుతో తడుముతూ రండి. ఎక్కడైనా బిగువు మిగిలితే అక్కడ మరోసారి. రెండు నిమిషాలు అలాగే ఉండి, వేళ్లు కదిలించి, పక్కకు ఒత్తిగిలి లేవండి. గబుక్కున లేస్తే కళ్లు తిరగవచ్చు.

తరచూ జరిగే పొరపాట్లు

బిగించేటప్పుడు ఊపిరి బిగపట్టడం అన్నిటికన్నా పెద్ద తప్పు. దానికి ఒక ఉపాయం: లెక్క పైకి, గుసగుసగా పెట్టండి. మాట వస్తోందంటే ఊపిరి ఆడుతున్నట్టే.

రెండోది, వదిలే సమయాన్ని మింగేయడం. బిగించడం ఏదో చేస్తున్నట్టు ఉంటుంది, వదిలాక ఖాళీగా ఉండటం విసుగనిపిస్తుంది, దాంతో తర్వాతి భాగానికి పరిగెడతాం. బిగించిన సేపటికి నాలుగైదు రెట్లు వదిలి ఉండాల్సిందే.

పిడికిలి బిగిస్తే భుజాలూ ముఖమూ కూడా తోడు వస్తాయి. మొదట్లో అందరికీ ఇంతే. పనిలేని భాగాలను వదులుగా ఉంచడం రోజులు గడిచేకొద్దీ వస్తుంది.

మధ్యలో నిద్రపోతే నష్టం లేదు, కానీ రోజూ నిద్రలోకే జారితే సాధన అందదు. అలాంటివారు సాయంత్రం కుర్చీలో కూర్చుని చేయండి. కొందరికి ఒళ్లు వదులయ్యే కొద్దీ కంగారు పెరుగుతుంది. అప్పుడు కళ్లు తెరిచి, లేచి కూర్చుని, ఆ రోజుకు చేతుల వరకే చేసి ఆపేయండి. బలవంతం చేయకండి.

చివరిది, మొదటి రోజే ఫలితం వెతకడం. రోజూ ఒకే వేళకు రెండు వారాలైనా చేద్దాం. అప్పటిదాకా లెక్కలు చూసుకోవద్దు.

రెండు వారాల తర్వాత

ఇప్పుడు బిగించడం మానేసి, వదలడం మాత్రమే ప్రయత్నిద్దాం. పిడికిలి వదిలినప్పటి ఆ బరువును గుర్తు తెచ్చుకుని చేతిని వదిలేయండి. ఇది చేతనైతే చాప అక్కర్లేదు. సిగ్నల్ దగ్గర బండి ఆగినప్పుడు, పైఅధికారి గదిలోకి వెళ్లే ముందు, పిల్లల మీద గొంతు లేవబోతున్నప్పుడు ఒక ఊపిరి వదులుతూ భుజాలూ దవడా దించవచ్చు. బండి నడుస్తున్నప్పుడు మాత్రం కళ్లు మూసే ప్రయోగాలు వద్దు.

వారాల తరబడి నిద్ర పట్టకపోయినా, ఏ పనీ చేయబుద్ధి కాకపోయినా, బతకాలనిపించకపోయినా ఈ సాధన ఒక్కటే సరిపోదు. ప్రభుత్వ టెలి మానస్ సేవకు 14416 నంబరులో ఏ వేళనైనా ఉచితంగా ఫోన్ చేసి తెలుగులో మాట్లాడవచ్చు.