ఏపీపీ ఉద్యోగం వదిలి లా ఫర్మ్‌కు వెళ్లొచ్చా?

ప్రశ్న: మాది కురబలకోట. మదనపల్లె కోర్టులో పదేళ్లుగా అసిస్టెంట్ పబ్లిక్ ప్రాసిక్యూటర్‌గా (ఏపీపీ) చేస్తున్నాను. బెంగళూరులో ఒక లా ఫర్మ్ రమ్మంటోంది. నా సన్నదుకు (న్యాయవాద లైసెన్సుకు) ఇబ్బంది అవుతుందా? రాజీనామా ఇచ్చేయనా?

జవాబు: సన్నదు గురించి బెంగ వద్దు. ప్రభుత్వం తరఫున కోర్టులో వాదించే ప్రాసిక్యూటర్లు న్యాయవాదులేనని సుప్రీంకోర్టు 2013లో దీపక్ అగర్వాల్ కేసులో చెప్పింది. అయితే ఉద్యోగంలో చేరేటప్పుడు సన్నదు సస్పెండ్ చేయించుకుని ఉంటే, బార్ కౌన్సిల్‌లో పునరుద్ధరించుకోవాలి. కర్ణాటకలో వాదించడానికి కొత్త ఎన్‌రోల్‌మెంట్ అక్కర్లేదు.

తొందర పడకూడనిది రాజీనామా విషయంలోనే. ఉత్తరం ఇచ్చినంత మాత్రాన ఉద్యోగం పోదు, ప్రభుత్వం ఆమోదించాలి. ఆ ఉత్తర్వు చేతికొచ్చాకే ఫర్మ్‌లో చేరండి. జీతం, హోదా రాతపూర్వకంగా తీసుకోండి. మీరు కాంట్రిబ్యూటరీ పెన్షన్ పథకం (సీపీఎస్)లో ఉంటారు కాబట్టి ప్రాన్ అనే మీ పెన్షన్ ఖాతాను కంగారుగా మూసేయొద్దు, అది మీ వెంటే వస్తుంది.

మీరు ప్రాసిక్యూట్ చేసిన కేసుల్లో నిందితుల తరఫున వకాల్తా వేయకూడదు. ఆ ఫైళ్ల సంగతులు ఫర్మ్‌లో ఎత్తొద్దు. ఈ మాట చేరే ముందే వాళ్లకు చెప్పండి.

సాక్షిని నిలదీయడం మీకు వెన్నతో పెట్టిన విద్య. ఫర్మ్‌లో మాత్రం ఒప్పందాలు రాయడమే ఎక్కువ పని, నాకైతే అసలు కష్టం అక్కడే కనిపిస్తోంది. సెలవుల్లో డ్రాఫ్టింగ్ సాధన చేయండి.

మీపై శాఖాపరమైన విచారణ గానీ, ప్రభుత్వానికి బాకీ గానీ ఉంటే, రాజీనామా రాయకముందే సర్వీసు కేసులు చూసే న్యాయవాదిని కలవండి.