పాత స్కూల్ బ్యాగుకి రోహిణి కార్తె స్నానం

మన బళ్లు జూన్ 12న తెరుస్తారు. అంతకు రెండు వారాల ముందే, మే 25 ప్రాంతంలో రోహిణి కార్తె వస్తుంది. రోళ్లు పగిలే ఎండలని తిట్టుకుంటాం గానీ, పాత బ్యాగు ఉతకడానికి బెజవాడలో అంతకంటే మంచి రోజులు దొరకవు. తొలకరి పడిందంటే పట్టీల్లో తడి రెండు రోజులైనా వదలదు.

2020 అక్టోబర్ 8న కంకిపాడు మండలం పునాదిపాడులో, ప్రభుత్వ బడి పిల్లలకి బ్యాగు కూడా ఇచ్చే విద్యాకానుక పథకం మొదలైంది. ఇప్పుడు అది విద్యార్థి మిత్ర కిట్టుగా అందుతోంది. కొత్త బ్యాగు ఇంటికి రాగానే కుట్టు చెడని పాతది అటకెక్కుతుంది. దాన్ని శుభ్రం చేసి ట్యూషన్‌కెళ్లే చిన్నదానికో, పక్కింటి పిల్లాడికో ఇవ్వచ్చు.

1. పెరట్లో తలకిందులు చేసి దులపండి. పెన్సిల్ చెక్కు, జంతికల పొడి రాలతాయి. మూలల్లో బొద్దింక గుడ్లుంటాయి, పాత టూత్‌బ్రష్‌తో గీకండి. అడుగున అట్ట ఉంటే ముందే తీసేయండి.

2. లోపల చేత్తో రాసి చూడండి. తెల్లటి పొట్టు రాలుతుంటే నీళ్లు దిగకుండా వేసిన పూత ఊడుతున్నట్టు. వేడినీళ్లు, వాషింగ్ మెషిన్ ఆ పూతకి చేటు. మేలో మధ్యాహ్నానికి ట్యాంకు నీళ్లు కాగిపోయి ఉంటాయి కాబట్టి తెల్లవారుజామునే బకెట్లో పట్టి ఉంచుకోండి.

3. మన ఇళ్లలో అసలు మొండి మరక ఆవకాయది. క్యారేజీ మూత వదులైతే నూనె, కారం, పసుపు మూడూ ఒకేసారి దిగుతాయి. ముందు నూనె సంగతి చూడాలి. మరక మీద బియ్యప్పిండి చల్లి అరగంట వదిలేస్తే నూనెను పీల్చుకుంటుంది. దులిపేసి, గిన్నెలు తోమే లిక్విడ్ రెండు చుక్కలు వేసి మెల్లగా రుద్దండి. సబ్బు తగలగానే పసుపు ఎర్రబడొచ్చు. బట్ట పాడైందని కంగారు పడొద్దు. పారాణికి పసుపులో సున్నం కలిపితే జరిగేదీ ఇదే. బాగా జాడిస్తే ఆ ఎరుపు తగ్గుతుంది, మిగిలిన పసుపు ఛాయను ఎండే విరగ్గొడుతుంది. మరకున్న వైపు పొద్దుటి ఎండకు తిప్పి పెట్టండి. రెండు మూడు రోజులు పట్టినా ఓపిక పట్టండి, గట్టి బ్రష్షు మాత్రం వాడొద్దు.

4. ఇంకు మరకకి స్పిరిట్ గానీ శానిటైజర్ గానీ దూదితో అద్దండి. రుద్దితే పాకుతుంది. రంగు దిగుతుందేమో ముందు ఒక మూల చూసుకోండి. ముందు వాడిన పిల్లాడి పేరు మార్కర్‌తో రాసి ఉండి, పోకపోతే దాని మీద చిన్న గుడ్డముక్క కుట్టేయండి. వేరొకరి పేరు మోసుకు తిరగడం ఏ పిల్లకీ ఇష్టం ఉండదు.

5. చూయింగ్ గమ్‌కి ఐసుముక్క. గట్టిపడ్డాక పెచ్చులా ఊడుతుంది.

6. ముదురు రంగు బ్యాగుకి కుంకుడు రసం చాలు, లేతవాటికి కొంచెం సబ్బుపొడి. పావుగంటకు మించి నానబెట్టొద్దు. చెమటంతా భుజం పట్టీల్లోనే ఉంటుంది, రెండుసార్లు రుద్దండి. బోరు నీళ్లు తెల్లచారలు మిగులుస్తాయి కాబట్టి ఆఖరి జాడింపుకి కుళాయిలో వచ్చే కృష్ణ నీళ్లు వాడండి.

7. పిండొద్దు. జిప్పులన్నీ తీసి, తలకిందులుగా దండేనికి కట్టండి. తొమ్మిదింటి దాకా ఎండ, తర్వాత గాలాడే నీడ. పట్టీని గట్టిగా నొక్కితే చల్లగా తగిలిందా, ఇంకా ఆరలేదు.

8. బందరు, అవనిగడ్డ వైపు సముద్రపు తేమకి బూజు త్వరగా పడుతుంది. వెనిగర్, నీళ్లు సమంగా కలిపి తుడిచి ఆరబెట్టండి. వెనిగర్‌నీ బ్లీచింగ్ పౌడర్‌నీ ఎన్నడూ కలపొద్దు, విషవాయువు వస్తుంది.

9. వరదలో మునిగిన బ్యాగు సంగతి వేరు. 2024 సెప్టెంబర్ 1న బుడమేరు వాగు బెజవాడలో సింగ్‌నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరిపేటల్ని ముంచినప్పుడు ఇళ్లలోకి వచ్చింది ఉత్త వాననీరు కాదు, అందులో మురుగు కూడా ఉంది. అలాంటి బ్యాగుని చేతికి తొడుగులు వేసుకునే ముట్టుకోండి, వేరే బట్టలతో కలపొద్దు. బురద కడిగేశాక సబ్బుతో ఉతికి, ఆపైన క్రిమిసంహారకం కలిపిన నీళ్లలో ముంచండి. స్పాంజి మురుగు పీల్చి, రెండు ఉతుకుల తర్వాత కూడా వాసన వస్తే పారేయండి. మన పిల్లలకి తగిలించలేనిది ఇంకొకరి పిల్లలకి ఇవ్వకూడదు.

10. జిప్పు బిగుసుకుంటే పళ్ల మీద కొవ్వొత్తి రాసి నాలుగుసార్లు లాగండి.

ఇచ్చేటప్పుడు లోపల రెండు నోటుపుస్తకాలు పెట్టండి. బడి తెరిచే పొద్దుటికి బ్యాగు అందుకున్న పిల్లల భుజాన ఉండాలి, జూన్ 10 లోపే ఇచ్చేయండి.