తీరవాసుల కావలి

చమురు లేనిదే నేటి నాగరికత ఒక్క దినమైనా నడవదు. ఆ చమురులో చాలా భాగం సముద్రం మీదుగానే వస్తుంది. ఓడ ఒకరిది, చమురు మరొకరిది. ప్రమాదం జరిగితే నష్టపోయేవాడు మాత్రం ఆ రెండింటిలోనూ భాగం లేని తీరవాసి. రక్షణ ఏర్పాట్ల విషయంలో అతని మాటకు చోటుండాలా అన్న ప్రశ్నకు అమెరికాలోని అలాస్కా రాష్ట్రంలో లభించిన సమాధానం విద్యార్థులు తెలిసికొనదగినది.

ఉత్తరాన ప్రూడో బే నుండి 800 మైళ్ల గొట్టపు మార్గం 1977లో వాల్డెజ్ రేవును చేరింది. అక్కడ ఓడల కెక్కిన చమురు ప్రిన్స్ విలియం సౌండ్ అనే అఖాతం గుండా పోతుంది. సాల్మన్, హెర్రింగ్ చేపల మీద ఆనాడు బ్రతికిన ఊళ్లు దాని చుట్టూ ఉన్నాయి. 1989 మార్చి 23 సాయంకాలం, కార్డోవాకు చెందిన సముద్రజీవ శాస్త్రజ్ఞురాలు రికీ ఆట్, వాల్డెజ్ పౌరుల సమావేశంలో టెలిఫోను ద్వారా మాట్లాడుతూ పెద్ద ప్రమాదం ఒకనాటికి తప్పదని హెచ్చరించింది. ఆ అర్ధరాత్రి దాటిన కొద్దిసేపటికే ఎక్సాన్ వాల్డెజ్ అనే ఓడ బ్లై రీఫ్ శిలలను ఢీకొన్నది. సుమారు కోటి పది లక్షల గ్యాలన్ల ముడిచమురు నీటి పాలై, 1,300 మైళ్ల తీరాన్ని మలినం చేసింది.

చమురును అరికట్టే తొలి బాధ్యత రేవును నడిపే అల్యెస్కా సంస్థది. ప్రణాళిక కాగితాల మీద ఘనంగానే ఉన్నది. కాని సామగ్రిని మోసుకుపోవలసిన బార్జి ఆనాడు మరమ్మతులో ఉండి, ప్రమాదస్థలం చేరేసరికి పన్నెండు గంటలు దాటింది. సామిల్ బేలోని చేపపిల్లల పెంపక కేంద్రాన్ని కాపాడటానికి తమ పడవలతో వెళ్లి తేలియాడే అడ్డుకట్టలు వేసినవారు కార్డోవా జాలరులే.

ఆ ఏడాదే తీరవాసులు ఒక పౌర సలహా మండలిని ఏర్పరచుకున్నారు. స్కాట్లండుకు ఉత్తరాన షెట్లండ్ దీవులలో, సల్లమ్ వో చమురు రేవు వద్ద స్థానికులకు గల పాత్ర వారికి ఆదర్శమైంది. 1990లో అమెరికా కాంగ్రెస్ చేసిన చమురు కాలుష్య చట్టం, పరిశ్రమలోనూ ప్రభుత్వంలోనూ పేరుకున్న ఉదాసీనత ఈ విపత్తుకు ఒక కారణమని చెప్పి, అట్టి మండలులకు శాసనబలం చేకూర్చింది. ఊళ్లు, ఆదివాసులు, జాలరులు, పర్యావరణవాదులు తమ తమ ప్రతినిధులను ఇందులోకి పంపుతారు.

ఇక్కడ ఒక చిక్కున్నది. మండలికి డబ్బిచ్చేది అది కనిపెట్టవలసిన అల్యెస్కాయే. 1990 ఒప్పందం ప్రకారం తొలుత ఏటా 20 లక్షల డాలర్లు. ఎవరి ఉప్పు తింటే వారి పాట పాడటం లోకరీతి గదా! దానికి విరుగుడు ఆ ఒప్పందంలోనే ఉన్నది: మండలి స్వతంత్రమైనది, గొట్టంలో చమురు పారినంత కాలం నిధులు ఇచ్చి తీరాలి. ఉర్దూ చదివిన మన విద్యార్థులకు ‘అమానత్’ అంటే ఈ సంగతి సులువుగా బోధపడుతుంది. అయినా మండలికి ఆజ్ఞాపించే అధికారం లేదు. విన్యాసాలను చూస్తుంది, ప్రణాళికలను చదువుతుంది, లోపాలను వ్రాసి ప్రకటిస్తుంది, అంతే.

అంతమాత్రంతో ఏమి సాధ్యమంటారేమో! నిండు ఓడ వెంట రెండు టగ్గులు పోవాలన్నది 1990 నాటి నియమం. అది ఒకే పొర అడుగుగల ఓడలకే వర్తించేది. రెండు పొరల ఓడలు వచ్చిన కొద్దీ ఆ నియమం తనంతట తానే చెల్లకుండా పోయేది. మండలి ఏళ్ల తరబడి వెంటపడగా, 2010లో కాంగ్రెస్ దానిని రెండు పొరల ఓడలకు కూడా విధించింది. ప్రమాదం జరిగి అప్పటికి ఇరవై ఒక్క సంవత్సరాలు. జనం మరచిపోయే కాలమది.

మన తీరానికి వస్తే, 2017 జనవరి 28న చెన్నై వద్ద ఎన్నూరులో రెండు ఓడలు ఢీకొన్నాయి. కాలుష్యం లేదని తొలుత ప్రకటన వెలువడింది. తరువాత నల్లని చమురు ఒడ్డుకు కొట్టుకురాగా, జాలరులు, విద్యార్థులు బకెట్లతో తోడిపోశారు. ఎన్నూరు జాలరులు ఆ ప్రమాదానికి ముందు ఏ ప్రణాళికనూ చదివి చూచినవారు కారు. చదవమని వారిని అడిగినవారూ లేరు.