శీతలీకరణ కేంద్రం కట్టే ముందు నీటి లెక్క

తమ గ్రామంలోనే పాల శీతలీకరణ కేంద్రం నెలకొల్పుకోవాలని పలు సంఘాలు తీర్మానాలు పంపుతున్నవి. సంతోషించవలసిన విషయమే. అయితే మా వద్దకు వచ్చే అంచనాలలో భవనానికి, పాల ట్యాంకుకు, జనరేటరుకు విడివిడిగా పద్దులు ఉంటున్నవి గాని, నీటి దగ్గరకు వచ్చేసరికి "బోరు కలదు" అన్న రెండు మాటలతో సరిపెడుతున్నారు. ఈ పాఠం ఆ రెండు మాటల గురించి.

ముందు మా పొరపాటు చెప్పుకోవాలి. కొన్నేళ్ళ క్రిందట అనంతపురం జిల్లాలో ఒక సంఘం అంచనాపై మేము సంతకం చేశాము. బోరు పరీక్ష కార్తీకంలో జరిగింది. చెరువు నిండి ఉన్నది, బోరులో రెండించుల నీరు దూకుతున్నది. అందరమూ తృప్తిపడ్డాము. సంక్రాంతికి కేంద్రం ప్రారంభమైంది. చైత్రం దాటేసరికి మోటారు పావుగంట ఆడి గాలి పీల్చసాగింది. సంఘం ట్యాంకరు నీళ్ళు కొన్నది, ఆ ఏడు సభ్యుల బోనసులో కోత పడింది. అంతకంటె విచారకరమైన సంగతి, పక్కనే ఉన్న పశువుల తొట్టి బోరు కూడా తగ్గిపోయింది. పాలిచ్చే గేదె వేసవిలో రోజుకు 70, 80 లీటర్ల నీరు తాగగలదు. గేదె పాలలో నూటికి 83 పాళ్ళు నీరే. తొట్టి ఎండితే పాలు తగ్గుతవి. పాలు రాని ఊరిలో ట్యాంకు ఎంత మెరిసినా ఏమి ప్రయోజనం?

కనుక బోరును వైశాఖంలో కొలవండి. ఇందుకు ఇంజనీరు అక్కరలేదు, 200 లీటర్ల డ్రమ్ము, ఒక గడియారం చాలు. మోటారు వేయగానే ఒకసారి, ఆపకుండా నాలుగు గంటలు నడిపిన పిమ్మట మరొకసారి, డ్రమ్ము ఎంతసేపటిలో నిండినదీ వ్రాసుకోండి. నమ్మదగినది రెండవ లెక్క. మరునాడు ఉదయం మళ్ళీ కొలిస్తే రాత్రికి బోరు కోలుకున్నదీ లేనిదీ తెలుస్తుంది. క్రొత్త బోరు వేయదలచిన సంఘాలు 2002 నాటి వాల్టా చట్టాన్ని గుర్తుంచుకోవాలి. ఊరి మంచినీటి వనరుకు 250 మీటర్లలోపు అనుమతి లేకుండా బోరు వేయరాదు.

ఇక ఖర్చు. ఇప్పటి బల్క్ కూలర్లలో చాలావాటి యంత్రం గాలితోనే చల్లబడుతుంది. నీరంతా పోయేది కడుగుడుకే. మీ రబ్బరు గొట్టం క్రింద 15 లీటర్ల బకెట్టు పెట్టి చూడండి. ముప్పావు నిమిషంలో నిండితే నిమిషానికి 20 లీటర్లన్నమాట. క్యాను క్యానుకూ మధ్య గొట్టాన్ని నేలపై వదిలివేసే అలవాటు వల్ల పూటకు అరగంట నీరు వృథా అయితే, రెండు పూటలకు 1,200 లీటర్లు మురుగుకాలువ పాలు. నొక్కితేనే నీరు వచ్చే నాజిల్ గొట్టం చివర బిగిస్తే ఇది ఆగుతుంది. ట్యాంకు కడిగిన చివరి నీటిని డ్రమ్ములో పట్టి నేల కడగటానికి వాడవచ్చును. కాని పొదుపు పేరిట పాత్రలకు చివరి కడుగు తగ్గించడానికి మేము ఒప్పుకోము. అది మంచినీటితో, నిండుగా జరగవలసిందే. ఒక పూట పాలు విరిగితే ఆదా అంతా అందులోనే పోతుంది.

కేంద్రం కప్పును కూడా లెక్కలోకి తీసుకోండి. ఒక చదరపు మీటరుపై ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు నీరు. 60 చదరపు మీటర్ల కప్పుపై ఏడాదికి 550 మిల్లీమీటర్లు కురిస్తే 33,000 లీటర్లు. ఐదవ వంతు పోయిందనుకున్నా 26,400 మిగులుతవి. మొదటి వాన నీటిని బయటకు వదలి, తరువాతిది తొట్టిలో పట్టండి. ఈ నీటిని సోడా కడుగుడుకు ఉంచుకోవడం మేలు. కఠిన జలంలో సోడా ఎక్కువ పడుతుంది, ట్యాంకు లోపల తెల్లని పొర కూడా పేరుకుంటుంది. తొట్టి నిండగా పొర్లిన వాన నీటిని కంకర గుంట ద్వారా బోరు దగ్గర భూమిలోకి పంపండి. సోడా కలిసిన మురుగును మాత్రం అటు రానీయక, బోరుకు 60 అడుగులకు తక్కువ కాని దూరంలో ఇంకుడు గుంట త్రవ్వి అందులోకి మళ్ళించాలి.

ఇకమీదట అంచనాతో పాటు వేసవి బోరు కొలతల కాగితం, దానిపై అధ్యక్షుల, కార్యదర్శి సంతకాలతో జతపరచవలెను. అది లేని అంచనాలను మేము తిప్పి పంపుతున్నాము.