మంచు ఊళ్లో మందారం: కర్నూలు, కడప నుంచి వచ్చినవారికి

అమెరికాలో ఇల్లు తీసుకున్న మొదటి ఏడాది మనవాళ్లు చాలామంది ఒకే పొరపాటు చేస్తారు. మే నెలలో స్టోర్ ముందు నిగనిగలాడే ఆకులతో, ఎర్రగా పూసిన మందారం కుండీలు వరసగా పెట్టి ఉంటాయి. చూడగానే ప్రాణం లేచొచ్చి, తెచ్చి నేలలో నాటేస్తారు. నాలుగైదు నెలలు విరగబూస్తుంది. మంచు మొదలైన వారానికి నల్లగా వాడి కూలిపోతుంది. అది మన పెరటి మందారమే. కర్నూలు మే నెల ఎండను ఓర్చుకుంటుంది గానీ, నీళ్లు గడ్డకట్టే చలిని ఓర్చుకోలేదు. చలికి నిలిచే మందారాలు వేరే ఉన్నాయి. వాటిని ఎంచుకోవడం సులువే. కష్టమల్లా మన ఎండల ఊళ్లో నేర్చుకున్న అలవాట్లను కొంచెం మార్చుకోవడమే.

ఏది కొనాలి?

చీటీ మీద ‘హార్డీ హైబిస్కస్’ అని గానీ, ‘హైబిస్కస్ మొస్క్యూటోస్’ అని గానీ ఉందేమో చూడండి. ఇది అమెరికా తూర్పు, దక్షిణ ప్రాంతాల చిత్తడి నేలల్లో పుట్టిన మొక్క. పువ్వు 8 నుంచి 12 అంగుళాలు, అంటే అన్నం పళ్లెమంత ఉంటుంది. రంగు చూసి కూడా గుర్తుపట్టవచ్చు. వీటిలో తెలుపు, గులాబి, ఎరుపు పూలుంటాయి. పసుపు, నారింజ రంగు పూలు కనిపిస్తే అది చలికి ఆగని రకమే. పూజకు ఎర్రటివే కావాలనుకుంటే ‘లార్డ్ బాల్టిమోర్’ పాత రకం, నమ్మకమైనది. నెబ్రాస్కాలోని లింకన్‌లో ఫ్లెమింగ్ సోదరులు తీసిన ‘ఫైర్‌బాల్’ కూడా ఎరుపే. పొద లాంటిది కావాలంటే ‘రోజ్ ఆఫ్ షారన్’ ఉంది. దాని పూలు చిన్నవి, కొమ్మలు చలికాలంలోనూ చావవు.

కొనేముందు మీ జిప్ కోడ్‌తో అమెరికా వ్యవసాయ శాఖ జోన్ మ్యాప్ చూసుకోండి. 2023లో దాన్ని కొత్తగా సవరించారు. 5 నుంచి 9 వరకు ఏ జోన్ అయినా హార్డీ మందారానికి సరిపోతుంది. 5వ జోన్ అంటే చలి మైనస్ 29 డిగ్రీల సెల్సియస్ దాకా దిగే చోటు. డాలస్ వాళ్లకు దిగుల్లేదు, చికాగో వాళ్లూ ధైర్యంగా పెట్టుకోవచ్చు.

ఎక్కడ నాటాలి?

మనవైపు కుండీని మధ్యాహ్నపు ఎండ తగలకుండా గోడ చాటుకు జరుపుతాం. ఇక్కడ అలా చేస్తే పూలు రావు. రోజుకు ఆరు గంటలైనా నేరుగా ఎండ పడే చోటే పెట్టాలి. నీళ్ల సంగతీ అంతే. ఊళ్లో పాత్రలు కడిగిన నీళ్లను మందారం మొదట్లోకి మళ్లించి పొదుపుగా బతికిస్తాం. ఈ మొక్క మాత్రం నేల ఎప్పుడూ తడిగా ఉండే చోటే సుఖంగా ఉంటుంది. కప్పు మీది వాన నీరు గొట్టం గుండా దిగే మూల దీనికి మంచి చోటు. నల్లరేగడిలా తేమ పట్టి ఉంచే బంకమట్టి అయినా పరవాలేదు. నేల ఎండితే మొగ్గలు రాలిపోతాయి. ఆఖరి మంచు దాటాక నాటండి, మొక్కకూ మొక్కకూ మూడడుగులు వదలండి.

గుంత తవ్వడానికి రెండు మూడు రోజుల ముందే 811కు ఫోన్ చేయండి. గ్యాస్, కరెంటు లైన్లు ఎక్కడున్నాయో ఉచితంగా గుర్తులు పెట్టిపోతారు. మీ కాలనీకి హెచ్ఓఏ (ఇళ్ల యజమానుల సంఘం) ఉంటే ఇంటి ముందు నాటేముందు వాళ్లనూ అడగండి.

మోడును పీకకండి

మంచు పడ్డాక కాడలు నేల దాకా ఎండిపోతాయి. అది ఏటా జరిగేదే, వేరు బతికే ఉంటుంది. కాడలను వసంతం దాకా అలాగే ఉంచితే మొక్క ఎక్కడుందో గుర్తుంటుంది. మొదట్లో ఎండాకులో, బెరడు ముక్కలో మందంగా పరచండి. మార్చి, ఏప్రిల్‌లో కాడలను నాలుగైదు అంగుళాల ఎత్తున కోసేయండి.

తర్వాత ఓపిక కావాలి. పక్కింటి గులాబీలు చిగురించినా, చెట్లన్నీ పచ్చబడినా దీని జాడ కనబడదు. చలి ఊళ్లలో మే చివరికో, జూన్ మొదటికో మొలక వస్తుంది. మనవైపు అన్ని రోజులు మోడుగా ఉన్నదాన్ని పొయ్యిలో పెడతాం. ఇక్కడ జూన్ దాటేదాకా దాని మీద చెయ్యి వేయకండి. ఒకసారి లేచిందంటే నాలుగైదు అడుగులు ఇట్టే పెరుగుతుంది.

పూలు, పండగలు, పురుగులు

పూత జూలై నుంచి సెప్టెంబరు దాకా ఉంటుంది. పువ్వు ఒక్కరోజే నిలుస్తుంది గానీ రోజూ కొత్తవి విచ్చుకుంటాయి. వరలక్ష్మీ వ్రతానికీ, వినాయక చవితికీ ఇంటి పూలే సరిపోతాయి. దసరాకు మాత్రం అమెరికా ఉత్తర రాష్ట్రాల్లో పూలుంటాయన్న నమ్మకం లేదు. అందుకని మన మందారం ఒకటి కుండీలో పెట్టుకోండి. రాత్రి చలి 50 డిగ్రీల ఫారెన్‌హీట్‌కు దిగకముందే ఇంట్లోకి తెచ్చి, దక్షిణపు కిటికీ దగ్గర ఉంచండి. తెచ్చేముందు ఆకుల అడుగున పిండినల్లి, తెల్లదోమ ఉన్నాయేమో చూసి కడగండి.

ఎండాకాలంలో రాగి రెక్కల జపాన్ బీటిల్స్ ఆకులను ఈనెలు మిగిలేలా తింటాయి. పొద్దున్నే, అవి మందకొడిగా ఉన్నప్పుడు సబ్బునీళ్ల డబ్బాలోకి దులిపేస్తే చాలు.

ఊరి నుంచి కొమ్మ తెచ్చుకుందామనుకోకండి. ఫైటోశానిటరీ సర్టిఫికెట్ లేని మొక్కను విమానాశ్రయంలోనే తీసేసుకుంటారు. ఊటుకూరు, బనవాసి కృషి విజ్ఞాన కేంద్రాల్లాగే ఇక్కడ దాదాపు ప్రతి కౌంటీకీ యూనివర్సిటీ ఎక్స్‌టెన్షన్ ఆఫీసు ఉంటుంది. మట్టి పరీక్షకూ, సందేహాలకూ అక్కడికి వెళ్లండి. మందారం పక్కన చోటు మిగిలితే గోంగూర గింజలు చల్లండి. అదీ ఈ జాతిదే, కానీ ఒక్క సీజన్ పంట. ఈ మందారంలా మళ్లీ లేవదు కాబట్టి, మంచు పడకముందే కోసి పచ్చడి పెట్టేయండి.